73 రైఫిల్‌కి ఏ పూత? నాలుగు నెలల తర్జనభర్జన

నాలుగు నెలల పాటు మా గరాజ్‌లో ఒక రైఫిల్ విడిభాగాలుగా పడి ఉంది. బ్యారెల్ పాత తువ్వాలులో చుట్టి పై అరలో, రిసీవర్, అంటే యంత్రాంగమంతా ఇమిడే మధ్య భాగం, నూనె పూసుకుని ఒక ప్లాస్టిక్ డబ్బాలో, స్క్రూలన్నీ వారానికి ఏడు గడులుండే మందుబిళ్లల పెట్టెలో. సోమవారం గడిలో సైడ్ ప్లేట్ స్క్రూ, మంగళవారం గడిలో లోడింగ్ గేట్ (తూటాలు లోపలికి నెట్టే చిన్న తలుపు) స్క్రూ, అలా శుక్రవారం దాకా. మా ఆవిడ ఆ పెట్టె తెరిచి చూసి "ఇది మళ్లీ తుపాకీ అవుతుందంటారా, లేక రోజుకో స్క్రూ మింగుతారా?" అంది. నేను ఇంకా రంగు దగ్గరే ఆగిపోయానని చెబితే నవ్వుతుందని, పార్టులు రావాలని అబద్ధమాడాను.

ఇది 1873 వించెస్టర్‌కి ఇటలీలో చేసిన నకలు. ఈ రకం పాత అమెరికన్ తుపాకుల నకళ్లలో చాలా భాగం ఉత్తర ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియా చుట్టుపక్కల లోయలోంచే వస్తాయి, అక్కడ తుపాకుల పని కొన్ని వందల ఏళ్లుగా ఉంది. నాది .44-40 అనే తూటా పేల్చేది, 24 అంగుళాల ఎనిమిది పలకల బ్యారెల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు ఓనర్ దాన్ని మెత్తటి లైనింగ్ ఉన్న గుడ్డ కేసులో పెట్టి జిప్పు వేసి మరిచిపోయాడు. హ్యూస్టన్ గాలిలో అది ఎంత ఘోరమో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లైనింగ్ తేమ పట్టి ఉంచుతుంది, ఇనుము దాన్ని పీల్చుకుంటుంది. బ్యారెల్ మీద ఎడమ పక్క మూడు పలకల పొడవునా ఎర్రటి మచ్చలు, రిసీవర్ మీద కొంచెం తక్కువ. ధర అందుకే తగ్గింది, నేను అందుకే కొన్నాను, ఆ తగ్గిన డబ్బు తర్వాత ఎటు పోయిందో మీరే చూస్తారు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో. ఇలాంటి నకలు చూడ్డానికి ఎంత పాతగా ఉన్నా అది యాంటిక్ కాదు. 1968 అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి యాంటిక్. ఇప్పటికీ షాపుల్లో దొరికే సెంటర్‌ఫైర్ తూటా పేల్చే నకలు ఆ లెక్కలోకి రాదు. డీలర్ దగ్గర కొంటే మామూలు రైఫిల్‌కి నింపినట్టే 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. ఇందులో మనకి కలిసొచ్చేది ఇంకొకటి ఉంది. అసలైన పాత వించెస్టర్ మీద ఉన్న పూత, అది ఎంత పాడైపోయి కనిపించినా సరే, గోకి కొత్తది వేయించారంటే దాని విలువ దారుణంగా పడిపోతుంది, కలెక్టర్లు అటువైపు చూడరు. నకలుకి ఆ బాధ లేదు. పాడుచేసినా చరిత్రని పాడుచేశామన్న పాపం అంటదు. ధైర్యంగా చేతులు పెట్టొచ్చు.

అయితే ఏ రంగు వేయాలి? నాకు మొదట్లో ఇది తేలికైన ప్రశ్న అనిపించింది. పాత రైఫిల్ ఎలా ఉండేదో చూసి అలాగే వేయిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను. ఈ రోజు నకళ్లు అమ్మే చోట 1873 అనగానే నీలం, గోధుమ, బూడిద రంగులు మేఘాల్లా కలిసిపోయిన రిసీవర్ చూపిస్తారు. కేస్ హార్డెనింగ్ రంగులు అంటారు వాటిని. చాలామంది అదే అసలు రూపం అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ వించెస్టర్ కంపెనీ 1873 మోడల్‌కి మామూలుగా ఇచ్చింది బ్లూ చేసిన, అంటే ఉక్కు మీద నీలి నలుపు పొర తెప్పించిన రిసీవర్. హ్యామర్, లీవర్ లాంటి భాగాలకి మాత్రం కేస్ హార్డెనింగ్ ఉండేది, రిసీవర్‌కి అది కావాలంటే ప్రత్యేకంగా అడిగి చేయించుకోవాలి. తర్వాత వచ్చిన 1886 మోడల్‌కి చాలా ఏళ్లు రంగుల రిసీవరే మామూలు. ఇక అంతకు ముందు వచ్చిన 1860 హెన్రీ, 1866 వించెస్టర్ల ఫ్రేములు పసుపు పచ్చటి గన్‌మెటల్‌వి, 66కి అందుకే యెల్లో బాయ్ అని పేరొచ్చింది. అంటే పాత లీవర్ యాక్షన్ (కింది లీవర్ ఆడించి తూటా ఎక్కించే రైఫిల్) అంటే ఒక్క రంగు కాదు, ఏ మోడల్, ఏ ఏడు, ఎవరు ఆర్డర్ ఇచ్చారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

పైగా అప్పటి బ్లూ, ఇప్పటి బ్లూ ఒకటి కావు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా చేసేది హాట్ సాల్ట్ బ్లూయింగ్. కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపిన ద్రావణాన్ని దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగిస్తూ అందులో ఇనుప భాగాలు ముంచుతారు, అరగంటలో నిగనిగలాడే నలుపు వస్తుంది. ఇది అమెరికన్ కంపెనీల్లో బాగా పాకింది 1930ల తర్వాతే. 1880లో రైఫిల్ కొన్నవాడు ఆ నలుపు చూసి ఉండడు. అతను చూసింది బ్యారెల్ మీద తుప్పు పట్టించి తెచ్చిన నలుపు, రిసీవర్ మీద బొగ్గు కొలిమిలో వేడిచేసి తెచ్చిన నీలం. ఒకే రైఫిల్ మీద రెండు రకాల నలుపులు, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇప్పటి నకలు మీద బ్యారెల్ నుంచి వెనక భుజానికి ఆనే బట్ ప్లేట్ దాకా ఒకే నలుపు పులిమేస్తే కొత్త కారులా కనిపించడానికి కారణం ఇదే.

ఇంత చదివాక కూడా నాకు తేలలేదు. తేల్చింది రైఫిల్ విప్పడం.

భుజానికి ఆనించే కట్టె ఊడదీయాలంటే రిసీవర్ వెనక తోకలా ఉండే టాంగ్ మీద ఉన్న ఒక్క స్క్రూ తిప్పి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. వచ్చింది. కట్టె కింద దాక్కుని ఉన్న టాంగ్ భాగం చూసి నోరు తెరిచాను. నెమలి మెడ రంగులు! ముదురు నీలం, దాని అంచున ఊదా, మధ్యలో గడ్డి రంగు గీతలు, ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే. అదే ఉక్కు, ఒక అంగుళం ముందుకి జరిగి వెలుగులోకి వచ్చేసరికి వెండి బూడిద రంగు. ఎక్కడ కట్టె అంచు ఆగిందో అక్కడ గీత గీసినట్టు రంగులు ఆగిపోయాయి. ఎండ, చేతి చెమట, తుడవడం, ఇవన్నీ ఆ రంగుల్ని ఎలా తినేస్తాయో పక్కపక్కనే పెట్టి చూపించినట్టుంది. సైడ్ ప్లేట్ తీస్తే దాని అంచుల లోపలా అంతే.

ఆ బూడిద రంగు చూస్తూ అనిపించింది, ఇది పాడైపోవడం కాదు, బాగానే ముసలిదైంది అని. ఒక మంచి పాత ఇనుప వస్తువుకి ఉండే రంగు. అప్పటిదాకా నేను ప్రతి పూతనీ వేసిన రోజు ఎలా ఉంటుందో చూసి బేరీజు వేస్తున్నాను. షోరూం ఫోటోలన్నీ ఆ రోజువే మరి. అసలు చూడాల్సింది అది పోయేటప్పుడు ఎలా పోతుందో. ఏ పూతైనా పోతుంది, రేంజ్‌కి తీసుకెళ్లి వాడే రైఫిల్ మీదైతే ఇంకా త్వరగా పోతుంది. అక్కడి నుంచి ప్రతిదాన్నీ ఆ కంటితోనే చూశాను, లెక్క మారిపోయింది.

నికెల్ పూత తీసుకోండి. అమెరికాలో నికెల్ ప్లేటింగ్‌కి ఐజక్ ఆడమ్స్ 1869లో పేటెంట్ తీసుకున్నాడు, ఆ తర్వాత తుపాకుల మీదా బాగా వాడారు, కాబట్టి కాలానికి సరిపోయేదే. కొత్తలో అద్దంలా ఉంటుంది, కొంచెం పసుపు ఛాయ ఉన్న వెచ్చని తెలుపు, క్రోమ్‌లా చల్లటి నీలి తెలుపు కాదు. తుప్పుని బాగా ఆపుతుంది. కానీ పోవడం మొదలైతే పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చు అంచు కిందికి తుప్పు దూరి ఇంకా లేపుతుంది. పాత ఇంటి గోడకి సున్నం ఊడినట్టు. నాకొద్దు.

హాట్ సాల్ట్ బ్లూ గట్టిదే, చవకైనదే, రోజూ వాడే వేట రైఫిల్‌కి నేను వేరేది చెప్పను కూడా. దాని చావు మాత్రం పదునుగా ఉంటుంది. నల్లటి మైదానం మధ్యలో అంచుల దగ్గర తెల్లటి ఉక్కు బయటపడుతుంది, ఎనిమిది పలకల బ్యారెల్ మీద ఆ ఎనిమిది గీతలూ తళుక్కుమంటాయి. కొందరికి అదే అందం. ఇంకో చిక్కుంది, మూస పోసిన భాగాలు, సిలికాన్ ఎక్కువున్న ఉక్కు ఆ ఉప్పుల్లో నల్లగా రాకుండా ఊదా ఎరుపు తిరుగుతాయి. బ్యారెల్ నల్లగా, రిసీవర్ నేరేడు పండు రంగులో ఉన్న రైఫిళ్లు చూసే ఉంటారు. చేసినవాడి తప్పు కాదది, లోహం తత్వం.

పాతబడినట్టు చేసి అమ్మేవి కూడా ఉన్నాయి, ఫ్యాక్టరీలోనే బ్లూ వేసి, ఆసిడ్‌తో చంపి, అక్కడక్కడ అరగదీసి. దూరం నుంచి బాగుంటుంది. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, అరగాల్సిన చోట అరగలేదు, అరగకూడని చోట నున్నగా ఉంది. నిజంగా వాడిన లీవర్ యాక్షన్‌లో రిసీవర్ కింద, సరిగ్గా బరువు సరితూగే చోట, చేత్తో పట్టుకుని మోసే జాగాలో రంగు పోతుంది. బ్యారెల్ మూతి దగ్గర, గుర్రం జీనుకి కట్టే తోలు ఒరలోకి దూర్చి తీసిన చోట పోతుంది. ఈ పాతబరిచిన నకళ్లలో రంగు అంతటా సమానంగా పోయి ఉంటుంది. చిరుగులతో కొన్న జీన్స్ లాంటిదే. వేసుకునేవాళ్లని ఏమీ అనను గానీ, నేను చింపుకున్న చిరుగే నాకు కావాలి.

ఏ పూతా లేకుండా తెల్లటి ఉక్కుని అలాగే వదిలేసేవాళ్లున్నారు. పొడి ఊళ్లలో ఉంటే చేసుకోండి. ఇక్కడ జూన్‌లో నేను ఒకసారి వేలితో ముట్టుకుంటే మర్నాటికి నా వేలిముద్ర పోలీసులకి పనికొచ్చేంత స్పష్టంగా ఎర్రగా తేలింది. ఇక పార్కరైజింగ్ గురించి అడిగాడు ఒక మిత్రుడు. అది ఇరవయ్యో శతాబ్దపు సైనిక పూత బాబూ, 73 మీద అది వేస్తే పంచె మీద బూట్లు వేసినట్టే.

ఇత్తడి ఫ్రేము ఉన్న 66 లేదా హెన్రీ నకలు మీ దగ్గరుంటే ప్రశ్న పూత గురించి కాదు, తోమాలా వద్దా అన్నది. అప్పటి గన్‌మెటల్‌లో రాగి, తగరం, కొంచెం జింకు కలిసేవి, అందుకే కొద్దిగా ఎర్రటి ఛాయ. ఇప్పటి నకళ్ల ఇత్తడి ఎక్కువ పసుపు, కొత్తలో పెళ్లి సామాన్ల కొట్టు గుర్తొస్తుంది. చింతపండుతో తోమిన బిందెలా మెరిపించుకోవాలనిపిస్తే వారానికోసారి తోముతూనే ఉండాలి, తోమిన ప్రతిసారీ అంచులు, అక్షరాలు ఇంత ఇంత అరుగుతాయి. వదిలేయండి, అదే తేనె రంగుకి, ఆపైన బెల్లం రంగుకి తిరుగుతుంది. నా 73లో లోపలి క్యారియర్ ఒక్కటే ఇత్తడిది, తూటాని కింది నుంచి పైకి లేపే దిమ్మ. దాన్ని తోమనని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

కేస్ హార్డెనింగ్ మళ్లీ చేయిస్తే ఎలా ఉంటుందని కొన్నాళ్లు గట్టిగానే ఊగాను. ఆ టాంగ్ రంగులు చూశాక ఎవరికైనా ఆశ పుడుతుంది. అది పూత కాదు, పైన పూసేది ఏమీ లేదు. భాగాల్ని ఎముకల బొగ్గు, కట్టె బొగ్గు కలిపి పెట్టెలో కూరి, 700 డిగ్రీల పైచిలుకు సెల్సియస్‌లో గంటల తరబడి ఉంచి, గాలి బుడగలు పోయే నీళ్లలోకి ఒక్కసారిగా పడేస్తారు. బొగ్గులోని కార్బన్ మెత్తటి ఉక్కు చర్మంలోకి ఇంకి పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగా, విరగకుండా ఉంటుంది. రంగులు ఆ గట్టిదనానికి కొసరు, చాలా పల్చటివి, అందుకే పైన లక్క పూత వేసి కాపాడతారు. చిక్కెక్కడంటే అంత వేడి మీద నుంచి నీళ్లలో పడ్డప్పుడు రిసీవర్ వంకర తిరగొచ్చు. 73కి రెండు పక్కలా పల్చటి సైడ్ ప్లేట్లు, వెంట్రుక పట్టనంత బిగువుగా కూర్చునేవి. అవి కొంచెం మెలిక తిరిగాయంటే ఇక అంతే. ఈ పని బాగా తెలిసిన చెయ్యి దొరికితే, డబ్బుంటే, చేయించుకోండి. నాకు చెప్పిన ఖర్చు వింటే రైఫిల్ ధరలో సగం పైనే ఉంది, ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను కాబట్టి తెలిసిపోతుందేమో.

ఇంకో మాట, ఇది మాత్రం సరదాకి కాదు. రంగు కోసమని హ్యామర్‌ని, ట్రిగ్గర్‌ని ఇంట్లో టార్చ్ పెట్టి కాల్చకండి. వాటి అంచులు గట్టిగా ఉండబట్టే ఎత్తిన హ్యామర్ ఎత్తినట్టు నిలబడుతుంది. వేడి చేస్తే ఆ గట్టిదనం దిగిపోతుంది, అరుగుతుంది, ఒక రోజు దానంతట అదే పడుతుంది.

చివరికి ఇలా తేల్చాను. రిసీవర్‌కి ఏమీ వేయను. తుప్పు మచ్చల వరకు నూనె, మెత్తటి కంచు పీచుతో ఓపికగా తీస్తాను, మిగిలిన బూడిద రంగు, అక్కడక్కడ బతికున్న నీలం అలాగే ఉంటాయి, పైన మైనం. లీవర్, హ్యామర్ కూడా అంతే. బ్యారెల్ మాత్రం తుప్పు తిన్న బ్లూ మొత్తం తీసేసి పాత పద్ధతిలో రస్ట్ బ్లూ, అదే తుప్పు పట్టించి తెచ్చే నలుపు. లోడింగ్ గేట్‌కి, స్క్రూలకి వేడితో తెచ్చే నీలం.

బ్యారెల్ రిసీవర్ నుంచి విప్పడం నా వల్ల అయ్యే పని కాదు, దానికి వైస్, సరైన రెంచ్ కావాలి, గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాను. పాలిష్ కూడా చేసిపెడతానన్నాడు, వద్దన్నాను. దానికో కారణం ఉంది. ఆరేళ్ల కింద ఇంకో రైఫిల్ ఒక షాపులో రీబ్లూకి ఇచ్చాను. తిరిగొచ్చినప్పుడు నల్లగా, అద్దంలా, నిజంగానే మెరిసిపోతోంది. కానీ తిరిగే గుడ్డ చక్రం మీద పెట్టి పాలిష్ చేసినట్టున్నారు, పదునుగా ఉండాల్సిన మూలలన్నీ సబ్బుబిళ్లలా గుండ్రంగా అరిగాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు పడ్డాయి, బ్యారెల్ మీద అక్షరాలు కళ్లద్దాలు తీసేసి చూసినట్టు మసకబారాయి. రంగు ఏదన్నది సగం మాటే, దాని కింద లోహం ఎలా తయారు చేశారన్నదే మిగతా సగం. కొంచెం ఎక్కువే అనుకోండి. రంగు బాగా రాకపోతే మళ్లీ వేయొచ్చు, అరిగిన అంచుని ఎవడూ తిరిగి తేలేడు.

అందుకని బ్యారెల్ నేనే చేత్తో రుద్దాను. చదునైన చెక్క దిమ్మకి ఎమరీ కాగితం చుట్టి, ఒక్కో పలకనీ పొడవునా, ఒకే దిశలో. ముందు 220 నంబరు కాగితం, తర్వాత ఇంకా నున్నటి 320, చివర 400. రస్ట్ బ్లూకి అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు, 400 దగ్గర ఆపేయడమే మంచిది, ఆ సన్నటి గరుకు మీద తుప్పు సమానంగా పడుతుంది. అక్షరాలు, ఇటాలియన్ ప్రూఫ్ ముద్రలు (తుపాకీని పరీక్షించాక కొట్టేవి) ఉన్న పలక దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. చిన్న చదరంలో రెండు అక్షరాలు ఉంటాయి, అది తయారైన సంవత్సరానికి గుర్తు, దాన్ని చెరిపేస్తే రైఫిల్ పుట్టినరోజు చెరిపేసినట్టే. ఎనిమిది పలకలకి రెండు శని, ఆదివారాలు పట్టింది. సైడ్ ప్లేట్ల మీద తుప్పు తీసేటప్పుడు కూడా వాటిని రిసీవర్‌కి బిగించే ఉంచాను, విడిగా రుద్దితే అంచులు అరిగి, బిగించాక గీత తెల్లగా నోరు తెరుస్తుంది.

ఆ తర్వాత అసలు తమాషా. తుప్పు తిన్న బ్యారెల్‌ని బాగుచేయడానికి కావాలని తుప్పు పట్టించడం. నూనె మరక లేకుండా కడిగి, బ్యారెల్ రెండు కొసల్లో చెక్క బిరడాలు దిగగొట్టి (అవే పట్టుకునే పిడులు కూడా), గ్లవ్స్ వేసుకుని, తుప్పు పట్టించే ఆసిడ్ మందుని పల్చగా, పలకకి ఒక్క గీతగా పూసి గరాజ్‌లో వేలాడదీయడం. పొడి ఊళ్లలో దీనికి తేమ పెట్టె కట్టుకుంటారు. మాకు జూలైలో గరాజే తేమ పెట్టె. నాలుగు గంటల్లో బ్యారెల్ అంతా సన్నటి నారింజ రంగు మఖమల్ కప్పుకుంది. దాన్ని పొడవాటి స్టీల్ తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ పోసి, బయట రెండు బర్నర్ల ప్రొపేన్ పొయ్యి మీద మరిగించాను. కళ్ల ముందే ఆ ఎరుపు నలుపు తిరుగుతుంది. ఎర్ర తుప్పు మరిగే నీళ్లలో నల్ల ఆక్సైడ్‌గా మారిపోతుంది, అదీ ఇందులో ఉన్న కెమిస్ట్రీ అంతా. బయటికి తీసి, నూనె లేకుండా కడిగిన సన్నటి స్టీల్ ఊలుతో రుద్దితే పైన అంటుకుని ఉన్న మసి రాలిపోయి కింద పెన్సిల్ ముక్కులాంటి బూడిద నలుపు మిగులుతుంది. మళ్లీ మందు, మళ్లీ తుప్పు, మళ్లీ నీళ్లు. ఒక్కో విడతకి నలుపు ఒక్కో మెట్టు దిగుతుంది.

మూడో విడతలో ఫోన్ మోగింది, ఎత్తాను, గ్లవ్ తీసిన సంగతి మరిచి ఆ చేత్తోనే బ్యారెల్ సర్దాను. మరిగించి రుద్దాక మూతికి నాలుగు అంగుళాల కింద బొటనవేలంత గుండ్రటి మచ్చ తేలింది, అక్కడ తుప్పే పట్టలేదు. ఆ పలకని 400 కాగితంతో మళ్లీ మొదటి నుంచి. ఫోన్ చేసింది క్రెడిట్ కార్డు అమ్మేవాడు. మొత్తం ఎనిమిది సార్లు పూశాను, ఆఖరి నీళ్ల తర్వాత వేడిగా ఉండగానే నూనె పట్టించి ఒక రోజు వదిలేశాను. మర్నాడు తుడిచి కిటికీ దగ్గర పట్టుకుంటే మెరుపు లేదు, లోతుంది. పట్టులా కనిపించే నలుపు, పక్కకి తిప్పితే అందులో కొంచెం నీలం.

స్క్రూల పని మాత్రం ఒక్క సాయంత్రం. రేకు మూతలో ఇత్తడి పొడి పోసి కింద టార్చ్ పెట్టి, పాలిష్ చేసిన స్క్రూని అందులో తల మాత్రం పైకి ఉండేలా గుచ్చాలి. ముందు గడ్డి రంగు, గోధుమ, ఊదా, ఆ వెంటనే 300 డిగ్రీల అటూ ఇటూ ఆ నీలం వస్తుంది. వచ్చిన క్షణంలో తీయాలి. ఒక్క రెండు క్షణాలు ఆగితే నీలం పాలిపోయి బూడిద అవుతుంది. మొదటిది చూస్తూ మైమరిచిపోయి పోగొట్టాను, మళ్లీ పాలిష్ చేసి మళ్లీ కాల్చాను. లోడింగ్ గేట్‌కి స్ప్రింగ్ నాలుక ఉంటుంది, నీలం దాటనివ్వకపోతే దాని స్ప్రింగ్ గుణానికి ఏమీ కాదు. అన్నిట్లోకీ అదే బాగా వచ్చింది, బూడిద రిసీవర్ మధ్య ఒక్క చిన్న నీలం రెక్క.

బ్లాక్ పౌడర్‌తో, అంటే పాతకాలపు నల్ల తుపాకీ మందుతో పేలుస్తావా, అప్పుడు ఈ పూత ఆగుతుందా అని అడుగుతారు, మేము నెలకోసారి వెళ్లే కౌబాయ్ మ్యాచుల్లో చాలామంది అదే వాడతారు కాబట్టి. ఆగుతుంది, కడిగితే. ఆ మసి గాలిలో తేమని లాక్కుంటుంది, ఆ రాత్రే వేడి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పూయాలి. .44-40కి ఇక్కడ ఒక సుగుణం ఉంది, దాని తూటా గొట్టం మెడ పల్చగా ఉండి పేలినప్పుడు తూటా కూర్చునే గదికి, అదే ఛాంబర్‌కి, అతుక్కుని మసిని వెనక్కి రానివ్వదు. .45 కోల్ట్ నకళ్లు కొన్నవాళ్ల రిసీవర్ లోపల చూడండి, పొయ్యి గొట్టంలా ఉంటుంది. ఆ తూటాకి అసలు 73 ఎప్పుడూ రాలేదు లెండి, అది నకళ్లతో వచ్చిన అలవాటు. దాచడానికి గుడ్డ కేసు కాకుండా సేఫ్‌లో, పక్కన తేమ పీల్చే డబ్బా, పైన సన్నటి మైనం.

పోయిన ఆదివారం గన్‌స్మిత్ బ్యారెల్‌ని పాత గుర్తు గీతకి కలిపి బిగించి ఇచ్చాడు, ఇంటికొచ్చి మిగతావన్నీ కలిపాను. మందుబిళ్లల పెట్టె ఖాళీ అయింది. మా ఆవిడ తిప్పి చూసి "నాలుగు నెలలు కూర్చుని మళ్లీ పాతదానిలాగే చేశారే" అంది. నిన్న రేంజ్‌లో పది తూటాలు ఎక్కించేసరికి ఆ నీలం గేట్ మీద, తూటా కొస తాకే చోట, వెంట్రుకంత సన్నటి తెల్ల గీత పడింది.